సత్యభామ చెప్పని పేరు

జడ కట్టడానికి నాకు అరగంట పడుతుంది. ముందు తన జుట్టంతా వెనక్కి దువ్వి, ఉన్న కాస్త జుట్టుతోనే గట్టిగా పిలక వేయాలి. ఆ పిలకకి సవరం ఆనించి నల్లదారంతో చుట్టాలి. చుట్టేటప్పుడు తను తల ముందుకి బిగబట్టి కూర్చోవాలి, నేను వెనక్కి లాగాలి. వదులైతే రెండో జతికే జడ జారిపోతుంది. తర్వాత జడబిళ్ళలు పైనుంచి కిందికి ఒక్కొక్కటే కుట్టుకుంటూ రావాలి. పిన్నీసులు పెడితే ఆటలో ఊడి కాళ్ళ కింద పడతాయి, అందుకే సూదీ దారం. చివర కుచ్చులు. తలమీద రాగిడి, పాపిటికి అటు సూర్యుడు, ఇటు చంద్రుడు. అన్నీ అయ్యాక పిలక మొదట్లో వేలు పెట్టి చూస్తాను. వేలు దూరిందంటే మళ్ళీ మొదటినుంచి.

మామూలుగా నాట్యంలో జడ ఒక అలంకారం. సత్యభామ కథని కూచిపూడిలో ఆడే భామాకలాపంలో మాత్రం మనిషి కంటే ముందు జడే జనం ముందుకి వస్తుంది. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. సత్యభామ తెర వెనకే ఉండి, జడని తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. ముఖం కనిపించకముందే హాల్లో చప్పట్లు మొదలవుతాయి. పక్క తెర చాటున నిలబడి ఆ చప్పట్లు వింటుంటే నాకు కడుపు నిండిపోతుంది. ఆ జడలో ప్రతి కుట్టూ నాదే కదా.

నేను డాన్సర్ని కాను. పగలంతా ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు చూస్తాను. కూచిపూడి చేసేది తను. 2015 నుంచి మేమిద్దరం కలిసి ఉన్నాం. పేరు రాయను. తన ఆఫీసులో ఇంకా తెలియదు, ఎప్పుడు చెప్పాలో తనే తేల్చుకోవాలి. అందుకే ఇక్కడ "తను" అనే రాస్తాను. ఈ మాట ఉన్నందుకు తెలుగు భాషకి నేను రుణపడి ఉన్నాను. ఆడా మగా అని విడదీయకుండా, దగ్గరి మనిషి అని మాత్రం చెప్పే మాట ఇది. "తనకి జ్వరం, ఇవాళ తొందరగా వెళ్ళాలి" అంటే ఆఫీసులో ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు. పేపర్లలో రాసే "స్వలింగ సంపర్కులు" అనే మాట నాకు నచ్చదు. అందులో ఒళ్ళు ఉంది గానీ ఇల్లు లేదు. మా బతుకులో ఎక్కువ భాగం ఇల్లే. గ్యాస్ బుక్ చేయడం, గజ్జెల తాళ్ళు మార్చడం, పండక్కి ఎవరి ఊరికి వెళ్ళాలా అని మాట్లాడుకోవడం.

తనది గుడివాడ దగ్గర పల్లెటూరు. కూచిపూడి ఊరు కూడా ఆ కృష్ణా జిల్లాలోనే, మొవ్వ మండలంలో ఉంది. మాది జనగామ వైపు. మేం కలిసింది బంజారాహిల్స్‌లో, లామకాన్‌లో. 2010 నుంచి నడుస్తున్న ఆ చోటు ఒకప్పుడు ఎవరో ఉన్న ఇల్లే. అక్కడ నాటకం చూడొచ్చు, కవిత్వం వినొచ్చు, ఏమీ చేయకుండా చాయ్ సమోసా పెట్టుకుని సాయంత్రమంతా కూర్చోవచ్చు. నువ్వెవరు, ఎందుకొచ్చావు అని అడిగేవాళ్ళు ఉండరు. ఇద్దరు మగవాళ్ళు మూడు గంటలు ఒకే బల్ల దగ్గర మాట్లాడుకుంటూ కూర్చుంటే అదేదో వింతలా చూడని చోటు, ఇంత పెద్ద ఊళ్ళో అప్పటికి నాకు తెలిసింది అదొక్కటే.

భామాకలాపం గురించి ఇంకో సంగతి చెప్పాలి. కృష్ణుడి మీద విరహంతో ఉన్న సత్యభామ దగ్గరికి చెలికత్తె మాధవి వస్తుంది. ఇంత బాధపడుతున్నావు, ఇంతకీ నీ మగడి పేరేమిటమ్మా అని అడుగుతుంది. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు కదా. సత్యభామకి సిగ్గు. "సిగ్గాయెనోయమ్మా" అంటూ దరువు ఎత్తుకుంటుంది. గుర్తులు చెబుతుంది గానీ పేరు చెప్పదు. మాధవి వదలదు. హాలంతా నవ్వులు.

మాధవి వేషం తన డాన్స్ మాస్టారు వేస్తారు. ఆయన అడగడం, తను తల వంచి కొంగు చివర వేలికి చుట్టుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. జనం నవ్వుతారు, నాకు నవ్వు రాదు. నా మనిషి పేరు నేనూ ఎక్కడా చెప్పలేదు. సత్యభామకి అడ్డం వచ్చింది సిగ్గు, నాకు అడ్డం వచ్చింది భయం.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలని ఉంది. తను గే కాబట్టి సత్యభామ వేస్తున్నాడని కొందరు అనుకుంటారు. ఆ మాట తనని బాగా బాధపెడుతుంది. కూచిపూడిలో ఆడవేషాలు మగవాళ్ళు వేయడం తరతరాల పద్ధతి. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా రంగం మీదికొస్తే అది వేషమన్న సంగతి జనం మర్చిపోయేవారని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 1970లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. నాటకాల్లో స్థానం నరసింహారావుగారు అలాగే స్త్రీ పాత్రలకి పేరుపడ్డారు. ఆ పెద్దలంతా సాధన చేసి తెచ్చుకున్న విద్య అది. నడుము ఎక్కడ విరవాలి, చూపు ఎప్పుడు దించాలి, చెయ్యి ఎంత ఎత్తులో ఆపాలి అని ఏళ్ళ తరబడి అద్దం ముందు చేసుకున్న కష్టం. తను సత్యభామ వేసేది ఆ విద్య వచ్చు కాబట్టి. నన్ను ఇష్టపడింది నేను నేను కాబట్టి. రెండూ కలిపి ముడి వేయొద్దు. లింగంపల్లి సురభి కాలనీలో తనకి తెలిసిన నాటకాల కుటుంబం ఉంది. వాళ్ళ నాటకాల్లో ఆడవేషాలు ఆడవాళ్ళే వేస్తారు. అదొక సంప్రదాయం, ఇదొక సంప్రదాయం, అంతే.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతిలో ఉండి, మాలాంటివాళ్ళ కలయికని నేరంగా చూసిన ఆ సెక్షన్, ఇష్టపడి కలిసే పెద్దవాళ్ళకి ఇక వర్తించదంది. ఆ పూట నేను ఆఫీసులో జీఎస్టీ రిటర్న్ ఒకటి సరిచూస్తున్నాను. ఫోన్లో వార్త చదివి బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు. సరిగ్గా వారానికి వినాయకచవితి. అప్పటికే నల్లకుంట గల్లీల్లో మండపాలకి కర్రలు పాతుతున్నారు.

ఆ చవితి రోజు జరిగింది మాత్రం చెప్పి తీరాలి. పీటమీద మట్టి వినాయకుణ్ణి పెట్టుకుని, తను వ్రతకల్పం పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. సంకల్పం వచ్చింది. గోత్రం, పేరు చెప్పాడు. తర్వాతి మాట "ధర్మపత్నీ సమేతస్య". అంతకు ముందు ఏళ్ళలో ఆ ముక్క దాటేసి చదివేవాడు. ఆ రోజు అక్కడ ఆగాడు. నావైపు చూసి, "నీ గోత్రం ఏంట్రా?" అన్నాడు. నాకు తెలియదు. ఎప్పుడూ అవసరం పడలేదు. అమ్మకి ఫోన్ చేశాను.

"గిప్పుడు గోత్రమెందుకు బిడ్డా? సంబంధమేమన్న వచ్చిందా?" అంది అమ్మ. ఆమె గొంతులో ఆశ వినిపించింది. నేనేమీ అనలేకపోయాను. గోత్రం చెప్పింది, ఫోన్ పెట్టేశాను. తను ఆ రెండు మాటలు తీసేసి, వాటి చోట నా గోత్రం, నా పేరు పెట్టి సంకల్పం మొదటినుంచి మళ్ళీ చదివాడు. మా ఇద్దరి పేర్లు ఒకే ఊపిరిలో పైకి వినబడటం అదే మొదటిసారి. వినింది వినాయకుడూ నేనూ. అమ్మకి చెప్పడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. ఆ సంగతి ఇక్కడ రాయను, అది ఆమెది.

పైకి చెప్పకపోతే ఏమవుతుందో 2019లో తెలిసింది. ప్రాక్టీసులో తను గెంతి దిగేటప్పుడు పాదం మడతపడి చీలమండ విరిగింది. ఆటోలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కౌంటర్ దగ్గర అమ్మాయి ఫారం ఇచ్చి, "పేషెంటుకి మీరేమవుతారు?" అంది. పెన్ను పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను. "కజిన్" అని రాశాను. ఆపరేషన్ చేయాలి, సంతకానికి సొంతవాళ్ళు రావాలి, కజిన్ పనికిరాడు అన్నారు. విజయవాడనుంచి వాళ్ళ అన్నయ్య వచ్చేసరికి చీకటి పడింది. అంతసేపూ తను నొప్పితో పళ్ళు బిగించుకుని పడుకున్నాడు. నేను వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఆ ఒక్క మాట రాసిన చెయ్యి నాదేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ దెబ్బవల్ల ఒక మంచి కూడా జరిగింది. చూసుకోవడానికి వాళ్ళ అమ్మగారు వచ్చి నలభై రోజులు మా ఇంట్లో ఉన్నారు. ఉన్నది ఒకటే మంచం, ఒకటే బీరువా. ఆవిడ ఏమీ అడగలేదు, మేమూ ఏమీ చెప్పలేదు. కట్టు విప్పిన రోజు సాయంత్రం తన కాలికి కొబ్బరినూనె రాస్తూ నన్ను పిలిచి, "నువ్వు రాయి నాన్నా, నీ చెయ్యి మెత్తన" అని గిన్నె నా చేతిలో పెట్టి లేచి వెళ్ళిపోయారు.

అప్పటినుంచి సంక్రాంతికి బొమ్మల కొలువు మా ఇంట్లోనే. ఆవిడ కొండపల్లి బొమ్మలు మోసుకొస్తారు, మా అక్క ఎప్పుడో కొన్న నిర్మల్ బొమ్మలు నేను దింపుతాను. రెండూ పొణికి చెక్కవే. చేతిలో పెట్టుకుంటే బరువే ఉండవు. ఏనుగు అంబారీ, పెళ్ళి పల్లకి, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు అన్నీ ఉన్నాయి. మూడో మెట్టు మీద ఆవిడ ఏటా డోలు వాయించే బొమ్మనీ సన్నాయి ఊదే బొమ్మనీ జంటగా పెడతారు. ఇద్దరికీ పసుపు తలపాగాలే. మిగతా బొమ్మలు ఏటా చోటు మారతాయి, ఆ రెండూ మారవు. భోగినాడు మా ఇద్దరికీ ఒకే అంచు పంచెలు బొట్టు పెట్టి ఇస్తారు. తెలుగింట్లో బొట్టు పెట్టి బట్టలు పెట్టడమంటే ఏమిటో చదివేవాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

నా వైపు పండగ బతుకమ్మ. మగవాళ్ళు బతుకమ్మ ఆడరు, కానీ పూలు తెచ్చేది మగవాళ్ళే. చిన్నప్పుడు నాన్నతో పొద్దున్నే చెలకల వెంట తంగేడు, గునుగు కోసుకొచ్చేవాణ్ణి. పేర్చడం నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు గునుగు కట్టలు రోడ్డు పక్కన కొంటున్నాం. కాడలు సమంగా కోసి, కొసలు రంగునీళ్ళలో ముంచి, పది పది చొప్పున దారంతో కట్టి ఆరబెట్టాలి. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి వరస మీద వరస పేర్చుకుంటూ, మధ్యలో ఆకుల ముక్కలు గట్టిగా కూరాలి. ఆ మధ్య భాగం బోలుగా ఉంటే బతుకమ్మ ఒరిగిపోతుంది. జడ కట్టేటప్పుడూ ఇదే చెయ్యి, ఇదే బిగువు. మా కింది వాటాలో ఉండే వరంగల్ అక్క మొదటి ఏడాది నేను పేర్చిన బతుకమ్మ చూసి, "నీకెవరు నేర్పిన్రు తమ్మీ?" అని చుట్టూ తిరిగి చూసింది. అప్పటినుంచి మా బిల్డింగ్ బతుకమ్మ పేర్చే పని నాదే.

2023 అక్టోబర్ 17 మంగళవారం. నాలుగో రోజు, నానబియ్యం బతుకమ్మ. ఆ రోజే మాలాంటి జంటల పెళ్ళి హక్కు కేసులో సుప్రీంకోర్టు తీర్పు. ఆ కేసు పేరే మా ఊరి జంటది. హైదరాబాద్‌కి చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబర్‌లో అందరి ముందూ పెళ్ళి చేసుకుని, తర్వాత కోర్టుకి వెళ్ళారు. ఆ ఫోటోల్లో వాళ్ళ అమ్మానాన్నల ముఖాలు చూసి నేనూ తనూ ఆ రాత్రి నిద్రపోలేదు. తీర్పులో అయిదుగురు న్యాయమూర్తులూ పెళ్ళి ప్రాథమిక హక్కు కాదన్నారు. చట్టపరంగా జంటగా గుర్తించాలని ఇద్దరన్నారు, ముగ్గురు కాదన్నారు. నేను సెలవు పెట్టుకుని ఇంట్లో ఉన్నాను. మేడమీద చాపేసుకుని గునుగు కడుతూ ఫోన్లో విన్నాను. వింటూనే కట్టాను. చేతులు ఆపితే ఏమవుతానో తెలియలేదు.

సాయంత్రం అక్క పైకొచ్చింది. "టీవీల చూసిన తమ్మీ" అంది. అంతే. నా పక్కన కూర్చుని తంగేడు పూలు రెమ్మలనుంచి దూసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరం మాట్లాడకుండా పేర్చాం. కింద ఆడవాళ్ళు ఆడుతున్నప్పుడు మేడమీదనుంచి చూశాను. చుట్టూ తిరిగే అడుగులకీ చప్పట్లకీ నా బతుకమ్మ ఒరగలేదు. అక్క నానబియ్యం, పాలు, బెల్లం కలిపిన ప్రసాదం రెండు గిన్నెల్లో పంపింది. ఒకటి నాకు, ఒకటి ఇంకా ఆఫీసునుంచి రాని తనకి. ఆమెకి ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు.

హైదరాబాద్‌లో మాలాంటివాళ్ళు బాహాటంగా రోడ్డు మీద నడిచే ప్రైడ్ నడక 2013లో మొదలైంది. ఆ నడకలకి నేను రెండుసార్లు వెళ్ళాను, తను ఒకసారి వచ్చాడు. డప్పు దరువుకి తన పాదం ఊరుకోలేదు, రోడ్డు మీదే నాలుగు అడుగులు వేశాడు. ఆ నడకలు చాలా అవసరం. కానీ ఏడాదికి ఒక పూట కదా. మిగతా రోజుల్లో మమ్మల్ని నిలబెట్టింది గ్రీన్ రూములూ, మేడలూ, పండగ పీటలే.

2024 ఆగస్టు చివర్లో కేంద్ర ఆర్థిక శాఖ ఒక వివరణ ఇచ్చింది. మాలాంటి జంటలు జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా రాసుకోవడానికి అడ్డేమీ లేదని. ఆ వారమే ఇద్దరం బ్యాంకుకి వెళ్ళాం. ఫారంలో "సంబంధం" అనే గడి దగ్గర నాకు ఆ ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది. ఈసారి పెన్ను ఆగలేదు. "పార్ట్‌నర్" అని రాశాను. కౌంటర్లో పెద్దాయన చదివి, అక్షరం అక్షరం కొట్టి, కాగితం మీద ముద్ర వేసి ఇచ్చాడు. ఆ రసీదు తను మొన్నటిదాకా పర్సులో పెట్టుకు తిరిగాడు.

పోయిన నెల చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో మాస్టారి శిష్యుల ప్రదర్శన. గ్రీన్ రూమ్ నిండా పిల్లలు, ప్యాన్‌కేక్ మేకప్ వాసన, మల్లెపూలు, ఒకళ్ళ కాటుక ఇంకొకళ్ళ చేతుల మీద. తన జడకి నేను ఆఖరి బిళ్ళ కుడుతున్నాను. పక్కన ఏడెనిమిదేళ్ళ పాపని కూర్చోబెట్టుకుని, వాళ్ళ అమ్మ సవరంతో కుస్తీ పడుతోంది. ఆవిడ నన్ను చాలాసేపు చూసి, "మీరు సార్‌కి ఏమవుతారండీ? తమ్ముడా?" అంది.

తను అద్దంలోంచి నన్ను చూశాడు. ఎప్పుడూ చెప్పే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"కాదమ్మా. మేమిద్దరం కలిసి ఉంటాం. తను నా మనిషి," అన్నాను.

ఆవిడ ఒక క్షణం ఏమీ అనలేదు. అద్దంలో తనని చూసింది, నా చేతిలో సూది చూసింది. తర్వాత పాపని భుజాలు పట్టుకుని నావైపు తిప్పింది.

"అయితే దీని జడ కూడా కొంచెం చూడండి బాబూ. నేను కడితే రెండుసార్లు ఊడిపోయింది."

దారం తెంపి కొత్తది ఎక్కించుకున్నాను. పాపని స్టూలు మీద కూర్చోబెట్టి, తల ముందుకి బిగబట్టి పట్టుకోమని చెప్పాను.